డూమ్ అంటే ఒకప్పుడు చట్టం

ఎదుటివాడి బొటనవేలు నరికితే 20 షిల్లింగులు కట్టాలి. బొటనవేలి గోరు ఊడగొడితే 3. చూపుడువేలికి 8, మధ్యవేలికి 4, ఉంగరపు వేలికి 6, చిటికెన వేలికి 11. చెవి తెగితే 12, కన్ను పోతే 50. ముందరి నాలుగు పళ్లలో ఒక్కోదానికి 6, దాని పక్క పన్నుకు 4, ఆ పక్కదానికి 3, మిగతావాటికి తలా ఒక షిల్లింగు.

క్రీ.శ. 600 ప్రాంతంలో ఇంగ్లాండు ఆగ్నేయ మూలన ఉన్న కెంట్ రాజ్యాన్ని ఏలిన ఎథెల్బర్ట్ పెట్టిన చట్టాలివి. ఇంగ్లీషు, జర్మన్, స్వీడిష్ లాంటి జర్మానిక్ భాషల్లో రాసిన చట్టాల్లో ఇప్పటికి దొరుకుతున్నవాటిలో ఇవే అతి పాతవి. మూలప్రతి మిగల్లేదు. 1120లలో రోచెస్టర్ చర్చిలో ఎత్తిరాసిన ఒకే ఒక్క ప్రతి మిగిలింది. అందులో చూపుడువేలికి 'బాణం వేసే వేలు' అనీ, ఉంగరపు వేలికి 'బంగారు వేలు' అనీ పేర్లున్నాయి. ఆ ప్రతిలో ఈ చట్టాల పైన ఒక శీర్షిక ఉంది. దాని అర్థం: 'ఆగస్టీన్ రోజుల్లో ఎథెల్బర్ట్ రాజు పెట్టిన డోమ్‌లు ఇవి.' ఆగస్టీన్ అంటే కెంట్‌కు క్రైస్తవం తెచ్చిన మతగురువు.

ఆ డోమే నేటి ఇంగ్లీషు మాట డూమ్. ఈ రోజు ఆ మాట వింటే ప్రళయం, సర్వనాశనం, తప్పించుకోలేని చావు గుర్తుకొస్తాయి. ఆనాటి కెంట్ రైతుకు మాత్రం పన్ను ఊడితే ఎంత వస్తుందో చెప్పే లెక్క గుర్తుకొచ్చేది. ఇంత మామూలు మాట అంత భయంకరమైన మాటగా మారడం వెనక పెద్ద చరిత్రే ఉంది. ఒక మాట చేసే పనులను ఒక్కొక్కటిగా వేరే మాటలు లాక్కుంటూ పోతే చివరికి ఏం మిగులుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఇంగ్లీషులో దొరకడం కష్టం.

ముందు దీని పుట్టుక చూద్దాం. ఇండో యూరోపియన్ భాషలన్నిటికీ మూలమైన పాత భాషలో 'పెట్టు, ఉంచు' అనే అర్థమున్న ఒక ధాతువు ఉండేది. సంస్కృతంలో అది 'ధా' అయింది. ఇంగ్లీషు వైపు 'ధ' ధ్వని 'డ'గా మారింది. విధవ అక్కడ విడో, మధ్య అక్కడ మిడిల్, మధు అక్కడ మీడ్ అనే తేనె సారా. అదే లెక్కన 'ధా' అక్కడ డూ, డీడ్, డూమ్ అయింది. చట్టానికి దేవతగా గ్రీకులు కొలిచిన థెమిస్ పేరు కూడా ఈ ధాతువు నుంచి వచ్చిందే. అంటే డోమ్‌కు మొదటి అర్థం 'పెట్టినది'. రాజు పెడితే చట్టం, సభ పెడితే తీర్పు. ఎథెల్బర్ట్ శీర్షికలో 'పెట్టిన' అన్న క్రియ ఉండటం ఆ రోజుల్లో మామూలు వాడుక.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక దగ్గరి చుట్టం కనిపిస్తుంది. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న 'విధి' కూడా ఈ 'ధా' నుంచే వచ్చింది. కోర్టు శిక్ష విధిస్తుంది, ప్రభుత్వం పన్ను విధిస్తుంది, పోలీసులు కర్ఫ్యూ విధిస్తారు. ఉద్యోగి విధులకు హాజరవుతాడు. అదే పత్రికలో కింద పేజీలో 'విధి వక్రించింది' అని ఇంకో వార్త ఉంటుంది. నియమం, శిక్ష, బాధ్యత, తలరాత అన్నీ ఒకే మాటలో ఉన్నాయి. 'ధామం' కూడా ఈ కుటుంబంలోదే. ఇప్పుడు దాన్ని నివాసం అనే అర్థంలోనే వాడుతున్నా, ఋగ్వేదంలో మిత్రావరుణులు ఏర్పరచిన నియమానికి కూడా అదే మాట. దీన్నిబట్టి ఇంగ్లీషు సంస్కృతం నుంచి పుట్టిందని అనుకోకూడదు. ఒకదాన్నుంచి ఇంకొకటి తీసుకోలేదు, రెండూ ఒకే పాత ఇంట్లోంచి వేరుపడ్డ శాఖలు. తెలుగు ద్రావిడ భాష కాబట్టి ఆ ఇంటికి చెందదు. సంస్కృతం ద్వారా ఆ మాటలు మనకు చేరాయి, అంతే.

పాత ఇంగ్లీషులో డోమ్‌కు ఉన్న అర్థాలు చట్టం, తీర్పులతో ఆగలేదు. 991లో వైకింగులు, అంటే ఉత్తరం నుంచి ఓడల్లో వచ్చే దోపిడీదారులు, ఇంగ్లాండు తూర్పున ఎసెక్స్ తీరంలో మాల్డన్ దగ్గర దిగారు. ఆ యుద్ధం మీద మిగిలిన పద్యంలో వాళ్ల దూత ఇంగ్లీషు నాయకుడు బ్రిట్‌నోథ్‌తో బేరం పెడతాడు: సముద్రం మీంచి వచ్చినవాళ్లకు 'వాళ్ల సొంత డోమ్ ప్రకారం' సొమ్మిచ్చి శాంతి కొనుక్కోండి. అంటే ఎంత ఇవ్వాలో వాళ్లే చెబుతారు, మీరు ఇవ్వాలి. ఇక్కడ డోమ్ అంటే ఇష్టం, విచక్షణ, నిర్ణయించే హక్కు. బ్రిట్‌నోథ్ ఒప్పుకోలేదు, బల్లేలే కప్పంగా ఇస్తామన్నాడు. యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్నాడు.

వీరుల కథల్లో ఇంకో అర్థం ఉంది. స్నేహితుణ్ణి పోగొట్టుకుని ఏడుస్తున్న ముసలి రాజు హ్రోత్‌గార్‌తో, పాత ఇంగ్లీషు కావ్యం 'బేవుల్ఫ్'లో అదే పేరున్న వీరుడు అనే మాట: ఏడుస్తూ కూర్చోవడం కంటే పగ తీర్చుకోవడం మేలు, ఎవరికైనా ఏదో ఒక రోజు బతుకు ముగిసేదే, చేతనైనవాడు చావుకు ముందే డోమ్ సంపాదించాలి. ఇక్కడ డోమ్ అంటే కీర్తి. ఇది పైన చెప్పిన అర్థాలకు దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లోపల లంకె ఉంది. మనిషి పోయాక అతని మీద నలుగురూ ఇచ్చే తీర్పే అతని పేరు. ఈ లంకెను ఐస్‌లాండులో దొరికిన, వైకింగుల భాషైన పాత నోర్స్‌లోని పద్యం విప్పి చెబుతుంది. పశువులు చస్తాయి, చుట్టాలు చస్తారు, నువ్వూ చస్తావు, చావనిది ఒకటే నాకు తెలుసు: పోయినవాడి మీద లోకం ఇచ్చే తీర్పు. అక్కడ తీర్పుకు వాడిన 'డోమ్ర్' మన డోమ్‌కు తోబుట్టువు.

ఈ అర్థాలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోవడం వల్ల పండితులు ఇప్పటికీ తేల్చుకోలేని చోట్లు ఉన్నాయి. బేవుల్ఫ్ కావ్యం చివర, 2820వ పంక్తిలో, అతని ఆత్మ 'సత్యవంతుల డోమ్' వెతుక్కుంటూ వెళ్లిందని కవి అంటాడు. డోమ్‌ను తీర్పు అనుకుంటే అది క్రైస్తవ దేవుడి సన్నిధి. కీర్తి అనుకుంటే క్రైస్తవానికి ముందునాటి వీరుడికి దక్కే పేరు. ఆ ఒక్క మాటను ఎలా చదివామన్నదాన్ని బట్టి వీరుడు స్వర్గానికి వెళ్లాడా లేదా అన్నది తేలుతుంది. కవికి రెండు అర్థాలూ తెలుసు. రెండూ వినబడాలనే అలా రాశాడని అనుకోవడమే నాకు న్యాయంగా తోస్తుంది.

9వ శతాబ్దం చివర్లో దక్షిణ ఇంగ్లాండులోని వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్ రాయించిన చట్టాల పుస్తకానికి జనం వాడిన పేరు 'డోమ్‌బోక్', తీర్పుల పుస్తకం. దాని పీఠిక పది ఆజ్ఞలతో మొదలవుతుంది. అందులో ఆల్‌ఫ్రెడ్ న్యాయమూర్తులకు చెప్పే మాట గొప్పది: ఇతరులు నీకు ఏ తీర్పు చెప్పకూడదనుకుంటావో ఆ తీర్పు నువ్వు ఇతరులకు చెప్పకు, ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే ఇంకో డోమ్‌బోక్‌తో పనిలేదు. చట్టం రాయించినవాడే చట్టాల పుస్తకం అవసరం లేని న్యాయబుద్ధి గురించి రాయించాడు. ఆ వాక్యంలో డోమ్ చాలా నిబ్బరమైన, గౌరవమైన మాట. భయపెట్టే ఛాయ ఏమీ లేదు.

దెబ్బ మొదట తగిలింది ఉత్తరం నుంచి. వైకింగులు దోచుకోవడానికే రాలేదు, తూర్పు, ఉత్తర ఇంగ్లాండుల్లో స్థిరపడి ఊళ్లు కట్టుకున్నారు. వాళ్ల భాషలో చట్టానికి ఉన్న మాట పాత ఇంగ్లీషులోకి 'లగు'గా వచ్చింది. అదే నేటి లా. దానికి మూలార్థం 'పరిచినది, వేసినది'. 'పెట్టినది' పోయి 'వేసినది' వచ్చిందన్నమాట. 11వ శతాబ్దం మొదట్లో యార్క్ ఆర్చిబిషప్పు వుల్ఫ్‌స్టన్ రాజుల కోసం చట్టాలు రాసేనాటికి ఆ కొత్త మాట బాగా నాటుకుంది. చట్టం అనే అర్థం డోమ్ చేతిలోంచి జారిపోయింది.

రెండో దెబ్బ 1066లో ఫ్రాన్సు ఉత్తర తీరం నుంచి వచ్చిన నార్మన్ల దండయాత్ర. పాలకులు, న్యాయమూర్తులు, వకీళ్లు ఫ్రెంచి మాట్లాడారు. జడ్జ్, జూరీ, కోర్ట్, వెర్డిక్ట్, సెంటెన్స్, అటార్నీ అన్నీ ఆ ఫ్రెంచి నుంచి వచ్చినవే. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం తెచ్చేనాటికి న్యాయస్థానం సామానంతా ఫ్రెంచి పేర్లతో నిండిపోయి ఉంది. వాదించే భాషను మార్చగలిగారు గానీ సామాన్ల పేర్లు మార్చలేకపోయారు.

అయినా డోమ్ ఒక్కసారిగా పోలేదు. ఏ వేగంతో వెనక్కి తగ్గిందో బైబిలు అనువాదాల్లో కొలవొచ్చు. 'మీరు తీర్పు తీర్చకుడి' అని తెలుగు క్రైస్తవులకు కంఠతా వచ్చిన మత్తయి సువార్త వాక్యం ఉంది. 14వ శతాబ్దం చివరి వైక్లిఫ్ బైబిలులో అక్కడ క్రియ డీమ్, నామవాచకం డూమ్: మీరు ఏ డూమ్‌తో డీమ్ చేస్తే మిమ్మల్నీ అలాగే డీమ్ చేస్తారు. 1526లో టిండేల్ అదే చోట జడ్జ్ అని రాశాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులోనూ జడ్జే. నూటయాభై ఏళ్లలోపే ఇంత మార్పు వచ్చింది.

షేక్‌స్పియర్ కాలానికి రెండు అర్థాలూ పక్కపక్కన ఉన్నాయి. రోమియో జూలియట్ నాటకం మూడో అంకం మూడో రంగంలో, టిబాల్ట్‌ను చంపి దాక్కున్న రోమియో మతగురువును అడుగుతాడు: రాజుగారి డూమ్ ఏమిటి? అంటే తీర్పు ఏమిటని. వెంటనే మళ్లీ అడుగుతాడు: రాజుగారి డూమ్ డూమ్స్‌డే కంటే తక్కువ ఏముంటుంది? మరణశిక్షేగా అని. గురువు జవాబు: అంతకంటే మెత్తని జడ్జిమెంటే ఆయన నోట వచ్చింది, చావు కాదు, దేశబహిష్కారం. ఆ మూడు మాటల వరస చూడండి. భయపడుతున్న కుర్రాడి నోట డూమ్, అతని ఊహలో డూమ్స్‌డే, ఊరట చెప్పే పెద్దాయన నోట జడ్జిమెంట్. మెత్తని తీర్పుకు ఫ్రెంచి మాట, భయానికి పాత ఇంగ్లీషు మాట. షేక్‌స్పియర్ పనిగట్టుకుని ఈ తేడా పెట్టాడో లేదో ఎవరూ చెప్పలేరు. భాష అప్పటికే ఎటు వాలిందో మాత్రం ఈ చిన్న సంభాషణలో తెలిసిపోతుంది.

అలా వాలడానికి కారణం చర్చి. కోర్టులోంచి డోమ్ వెళ్లిపోయినా ఒక తీర్పు దగ్గర దాని పేరు చెదరలేదు. అది లోకాంతంలో దేవుడు చెప్పే చివరి తీర్పు. పాత ఇంగ్లీషులో దానికి 'డోమెస్ డై' అని పేరు, తీర్పు రోజు అని అర్థం. ఆ తీర్పు బొమ్మలను చర్చిలో, జనం కూర్చునే హాలుకూ గర్భాలయానికీ మధ్య ఉన్న కమాను పైన గీసేవారు. ఆ బొమ్మలకే డూమ్ అని పేరు. చదువు రాని ఊరు మొత్తం ప్రతి ఆదివారం తలెత్తి చూసేది దాన్నే. ఒక పక్క స్వర్గానికి ఎక్కేవాళ్లు, ఇంకో పక్క దయ్యాలు ఈడ్చుకుపోయేవాళ్లు. రోజువారీ తీర్పులకు వేరే మాట వచ్చాక డూమ్ అనగానే కళ్లముందు మెదిలేది ఆ నరకం పక్కే అయింది.

సఫోక్ జిల్లాలోని వెన్‌హాస్టన్ అనే పల్లెలో అలాంటి బొమ్మ ఒకటి బయటపడ్డ తీరు చెప్పుకోదగ్గది. 1500 ప్రాంతంలో చెక్క పలకల మీద వేసిన చిత్రమది. చర్చిల్లో ఇలాంటి బొమ్మలు కూడదన్న 16వ శతాబ్దపు మతసంస్కరణ కాలంలో దాని మీద సున్నం కొట్టేశారు. 1892లో చర్చి మరమ్మతుల్లో ఆ పలకలను పాత కలప అనుకుని పీకి, తగలబెట్టడానికి బయట పడేశారు. రాత్రి వాన పడింది. తెల్లారేసరికి సున్నం కరిగి కింద రంగులు కనబడ్డాయి. ఆత్మలను తూచే త్రాసు పట్టుకున్న దేవదూత, ఒంటిమీద బట్టల్లేకుండా తలమీద కిరీటమో టోపీయో మాత్రం మిగిలిన రాజు, మతాధికారులు, పెద్ద చేప నోరులా తెరుచుకున్న నరకం. రాజు అయినా ఆ తీర్పు ముందు నగ్నంగా నిలబడాల్సిందే అని చిత్రకారుడు సూటిగా చెప్పాడు. ఆ పలకలు ఇప్పటికీ ఆ చర్చిలోనే ఉన్నాయి.

డూమ్స్‌డే పేరు ఒక భూమి లెక్కల పుస్తకానికి రావడం కూడా ఈ భయం వల్లే. 1085 క్రిస్మస్ నాడు గ్లోస్టర్‌లో కొలువుదీరిన నార్మన్ రాజు విలియం ఇంగ్లాండు మొత్తాన్ని లెక్కగట్టమని ఆదేశించాడు. 1086లో అధికారులు ఊరూరా వెళ్లి అడిగారు: నార్మన్లు రాకముందు, ఎడ్వర్డ్ రాజు కాలంలో ఈ భూమి ఎవరిది, ఇప్పుడెవరిది, ఎన్ని నాగళ్లు, ఎన్ని మరలు, ఎంత పచ్చిక, అప్పుడు విలువెంత, ఇప్పుడెంత. 13,418 ఊళ్లు అందులోకి ఎక్కాయి. ఒక్క ఎద్దు, ఒక్క ఆవు, ఒక్క పంది కూడా లెక్క తప్పలేదనీ, ఇది చెప్పుకోవడానికే సిగ్గుచేటైతే ఆయనకు చేయడానికి సిగ్గనిపించలేదనీ ఆ కాలపు చరిత్రకారుడైన సన్యాసి ఒకరు వాపోయాడు. పుస్తకం లాటిన్‌లో ఉంది. దాన్ని రాసినవాళ్లు డోమ్స్‌డే అనలేదు, జనం అన్నారు. సుమారు 1179లో రాజు ఖజానా చూసే రిచర్డ్ ఫిట్జ్‌నీల్ దానికి కారణం రాసిపెట్టాడు: చివరి తీర్పు మీద అప్పీలు లేనట్టే ఈ పుస్తకంలో రాసినదాని మీదా అప్పీలు లేదు, అందుకే స్థానికులు దీన్ని అలా పిలుస్తున్నారని. ఆ పేరులో 'దేవుడి ఇల్లు' అనే లాటిన్ మాట ఉందని కొందరు చెప్పే వ్యుత్పత్తి నిలవదు.

తెలుగులో విధికి ఈ గతి పట్టలేదు. తీర్పు, చట్టం, శాసనం, డ్యూటీ లాంటి మాటలు ఎన్ని వచ్చినా దాన్ని ఆఫీసులోంచి ఎవరూ బయటికి పంపలేదు. విధివిధానాలు ఖరారవుతూనే ఉన్నాయి, విధి ఆడించే నాటకాలూ నడుస్తూనే ఉన్నాయి. నియమం పక్కన ఉండబట్టే తలరాత అర్థం దాన్ని పూర్తిగా చీకటిలోకి లాగలేకపోయింది. డూమ్‌కు ఆ తోడు పోయింది. 1947లో అణుశాస్త్రవేత్తల పత్రిక ఒకటి మొదలుపెట్టిన డూమ్స్‌డే క్లాక్ అర్ధరాత్రికి 7 నిమిషాల దూరంలో మొదలై 2025 జనవరికి 89 సెకన్ల దగ్గరికి చేరింది. ఫోన్‌లో చెడ్డ వార్తలు వరసపెట్టి చూస్తూ కూర్చోవడం డూమ్ స్క్రోలింగ్ అయింది. వీటిలో తీర్పు చెప్పేవాడు లేడు, వినాశనం మాత్రమే ఉంది.

పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. ఐరిష్ సముద్రంలోని ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో హైకోర్టు న్యాయమూర్తులను ఇప్పటికీ డీమ్‌స్టర్లు అంటారు, డోమ్ చెప్పేవాళ్లని అర్థం. పదవిలో చేరేటప్పుడు వాళ్లు చేసే ప్రమాణంలో ఒక మాట ఉంది: హెర్రింగ్ చేప వెన్నుముల్లు చేపకు సరిగ్గా నడిమధ్యన ఉన్నట్టు, ఇరుపక్షాల మధ్య ఎటూ మొగ్గకుండా చట్టాన్ని అమలు చేస్తాను. చేపలు పట్టి బతికిన దీవి తన న్యాయాన్ని తన పళ్లెంలోంచే తీసుకుంది.

ఇంకా ఎక్కువగా బతికింది మాటల తోకల్లో. ఫ్రీడమ్, కింగ్‌డమ్, విజ్‌డమ్, మార్టిర్‌డమ్... వీటి చివర ఉన్న డమ్ మన డోమే. మొదట్లో అది అధికారం, హోదా, స్థితి అనే అర్థాలిచ్చి, తర్వాత కేవలం ప్రత్యయమైపోయింది. జర్మన్‌లో దాని జోడీ 'టూమ్', రాజరికానికి కోనిగ్‌టూమ్. కింగ్‌డమ్‌ను డొమీనియన్‌తో కలిపి చదివేవాళ్లున్నారు, అది పొరపాటు. డొమీనియన్, డొమైన్‌లు లాటిన్‌లో ఇల్లు అనే అర్థమున్న డోముస్ నుంచి వచ్చాయి. కొలోన్ నగరంలోని డోమ్ అనే పెద్ద చర్చి, భవనాల మీది డోమ్ కూడా అటువైపువే. ఆ ఇంటి మాటకు సంస్కృతంలో చుట్టం 'దమ'. ఇంటి యజమాని అనే అర్థంలో మొదలైన దంపతి అందులోంచే వచ్చింది. కాబట్టి కింగ్‌డమ్‌కు విధి చుట్టం, డొమీనియన్‌కు దంపతులు చుట్టాలు.

తోకగా మారిన డోమ్‌కు నరకం సెగ తగల్లేదు. మాట చివర చేరి పొట్టిదైపోవడంతో అది డూమ్ అని ఎవరికీ స్ఫురించలేదు. 19వ శతాబ్దంలో మళ్లీ జోరందుకుని బోర్‌డమ్, స్టార్‌డమ్ లాంటి మాటలు పుట్టించింది, 20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికా క్రీడాభిమానుల మధ్య ఫ్యాన్‌డమ్ పుట్టింది. ఇప్పుడు తెలుగు సినిమా పేజీ తెరిస్తే హీరో స్టార్‌డమ్ గురించి లేని రోజు ఉండదు. ఆ స్టార్‌డమ్ అర్థం బేవుల్ఫ్ చావుకు ముందే సంపాదించాలన్న డోమ్‌కు ఎంత దగ్గరో గమనించండి.

డోమ్‌కు క్రియారూపం డేమన్, అదే నేటి డీమ్. ఫుడ్‌కు ఫీడ్, బ్లడ్‌కు బ్లీడ్ ఎలాగో డూమ్‌కు డీమ్ అలాగ. ఇంటర్ చదివే పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఇది రోజూ వినబడే మాట: డీమ్డ్ యూనివర్సిటీ. 1956 నాటి యూజీసీ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, విశ్వవిద్యాలయంగా ఏర్పడని ఒక ఉన్నత విద్యాసంస్థను ఆ చట్టం అవసరాల మేరకు విశ్వవిద్యాలయంగా 'డీమ్' చేస్తూ కేంద్రం ప్రకటించవచ్చు. అంటే అది విశ్వవిద్యాలయం అయిందని కాదు, అలా భావించాలని తీర్పు ఇచ్చారని. 1958లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ఆ హోదా దక్కింది. కౌన్సెలింగ్ సమయంలో తల్లిదండ్రులు 'అది యూనివర్సిటీనా, డీమ్డా' అని అడిగే ప్రశ్న ఈ తేడా గురించే. 2017లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, అలాంటి సంస్థలు పేరులో యూనివర్సిటీ అని రాసుకోకూడదనీ, కావాలంటే బ్రాకెట్లో 'డీమ్డ్ టు బి యూనివర్సిటీ' అని పెట్టుకోవచ్చనీ యూజీసీ చెప్పింది.